బాపు మెత్తబరిచిన బూట్లు

మా ఇంట్లో కొత్త బూట్లు వస్తే అవి వెంటనే కాళ్ళకు ఎక్కేవి కావు. ముందు బకెట్‌లో మునిగేవి. బాపు బొగ్గు బాయిలో పనిచేసేవాడు. గనిని మా దగ్గర బాయి అంటారు. అక్కడ ఇచ్చే బూట్ల తోలు చెక్కలా ఉండేది, వేళ్ళ దగ్గర లోపల ఇనుప డిప్ప. బాపు వాటిని ఒక పూట నీళ్ళలో నానబెట్టి, ప్రహరీ గోడ మీద ఆరేసి, ఆముదం పట్టించి, లోపల కాగితాలు కుక్కి మళ్ళీ ఎండకు పెట్టేవాడు. తర్వాత వాటితో నాలుగు రోజులు మార్కెట్‌కు తిరిగితేగానీ డ్యూటీకి వేసుకునేవాడు కాదు. మా వరుస క్వార్టర్లలో ఎవరింటి గోడ చూసినా అంతే. చిన్నప్పుడు నాకవి గోడెక్కి కూర్చున్న కాకుల్లా కనిపించేవి.

తెలంగాణ రావడానికి రెండేళ్ళ ముందు, హోలీ దాటిన రోజుల్లో, ఆ గోడ మీదికి నా బూట్లు ఎక్కాయి.

డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నాను. అటవీ శాఖలో బీటు ఆఫీసరు ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కాను. ఇక నడక పరీక్ష మిగిలింది. రాళ్ళదారిలో, గడువులోపల, చెప్పినంత దూరం నడవాలి. పరిగెత్తినా ఎవరూ వద్దనరు. అడవిలో తిరగడమంటే నాకు భయం లేదు, మనుషుల్లో తిరగడమే భయం. చెట్లు మన పేరు అడగవు, ఎందుకు మాట్లాడవని నిలదీయవు. ఆ మాట డైరీలో రాసుకున్నానుగానీ ఎవరితోనూ అనలేదు. అమ్మతో ఒక ఒప్పందం మాత్రం కుదిరింది. ఉద్యోగం వస్తే సంబంధాలు చూడడం ఆపుతుంది. రాకపోతే ఆమె చెప్పినట్టు నేను వినాలి.

బూట్లు కొనడానికి బాపే లక్ష్మీనగర్ బజారుకు తీసుకెళ్ళాడు. దుకాణంలో కొత్త సరుకు దిగింది. ముందువరుసలో బూడిదరంగు మీద చిలకపచ్చ చార ఉన్న జత పెట్టారు. పైన బట్ట జాలీలా ఉంది, అడుగున రబ్బరు పళ్ళున్నాయి.

"ఇవి రోడ్డు మీద ఉరికేటియి కావు చెల్లె. గుట్టలెక్కేటోళ్ళకు, రాళ్ళల్ల ఉరికేటోళ్ళకు. ఎండలు ముదురుతున్నయని కొత్తగ తెప్పిచ్చినం. గాలి మంచిగాడుతది" అన్నాడు దుకాణం అన్న.

బాపు ఒక బూటు అరచేతిలో పెట్టుకుని ఎగరేసినట్టు చేశాడు. "గింత అల్కగున్నదేంది? బూటా, దూది మూటా?" వేళ్ళ దగ్గర బొటనవేలుతో నొక్కితే లోపలికి పోయింది. "ముందట ఇనుపది లేకపాయె. రాయి పడితె?"

"రాయెందుకు పడతది కాకా, చెల్లె బాయిల దిగుతదా?"

బాపు నవ్వాడు. కానీ ఆ జతను దారంతా అనుమానంగానే పట్టుకొచ్చాడు. దాంతోపాటు ఒక నల్ల ట్రాక్ ప్యాంటు, చెమట ఆరిపోయే టీషర్టు కొన్నాం. టీషర్టు నారింజరంగుది. అంతకంటే నెమ్మదైన రంగు నా కొలతలో దొరకలేదు.

అసలు చిక్కు బట్టలతోనే వచ్చింది. చౌరస్తాలో తెలంగాణ ఉద్యమం టెంటు ఉండేది, అందులో తెల్లవారేసరికే మగవాళ్ళు కూర్చునేవాళ్ళు. ఆ ప్యాంటుతో వాళ్ళ ముందునుంచి పోవడానికి నా ప్రాణం ఒప్పుకోలేదు. బాపు పాత యూనిఫాం చొక్కా టీషర్టు మీద తొడుక్కుని, వెనక సందుల్లోంచి, ఓపెన్‌కాస్టు మట్టిగుట్టల దారికి వెళ్ళేదాన్ని. అక్కడికి చేరాక చొక్కా విప్పి నడుముకు కట్టుకునేదాన్ని. బాయిలోంచి తవ్వి పోసిన ఆ గుట్టల పక్కన ఆకుల మీద దుమ్ము, దుమ్ములోంచి మోదుగ పూలు. ఎవరూ ఉండరు. కొత్త బూట్ల పళ్ళు మట్టిని పట్టుకుంటుంటే నాకు ఒళ్ళంతా తేలికయ్యేది. ఆ దారిలో నేను సిగ్గుపడే మనిషినని నాకే గుర్తుండేది కాదు.

ఇంటికొచ్చేసరికి గుర్తొచ్చేది. పక్క క్వార్టర్ అత్త గోడ మీదినుంచి అమ్మను అడుగుతుండేది. "ఏమొదినె, నీ బిడ్డ పొద్దుగాల్నే మొగపిలగాని లెక్క ఉరుకుతాంది. ఎవడన్న ఎంటపడ్తున్నడా ఏంది?"

అమ్మ నవ్వేసేది. అత్త లోపలికెళ్ళాక నామీద పడేది. "గా పాయింటు ఏస్కోకపోతె కాళ్ళు నడువయా? రేపు సంబంధమోళ్ళు ఇవన్ని అడిగితె ఏం జెప్పాలె?" ఆ ప్యాంటును ఉతికినా బయట తీగ మీద ఆరేయనిచ్చేది కాదు. స్నానాల గదిలో, తలుపు వెనక ఆరేది.

పరీక్షకు మూడు రోజులుందనగా చిటికెనవేలు మీద పొక్కు లేచింది. పెద్దదేం కాదు, కొత్త బూట్లతో అందరికీ వచ్చేదే. నేను ఎవరికీ చెప్పలేదు. కానీ ఫస్ట్ షిఫ్టు దిగి వస్తున్న బాపు వీధి మలుపులో నా నడక చూశాడు.

"కుంటుతున్నవేంది బిడ్డా?"

"ఏం లేదు బాపు. కొత్త బూట్లు జర కరుస్తున్నయ్."

"కరువక ఏం జేస్తయ్? కొత్తయి గద" అన్నాడు.

మర్నాడు ఆయనకు వారపు సెలవు. పొద్దంతా నేను గ్రంథాలయంలో గడిపి మధ్యాహ్నం దాటాక వచ్చాను. గోడ మీద, ఎర్రటి ఎండలో, నా బూట్లు ఉన్నాయి. బూడిదరంగు పోయి నల్లగా అయిపోయాయి. చిలకపచ్చ చార చెమ్మగా మెరుస్తోంది. అంచులనుంచి ఆముదం గోడ మీదికి చారలు కట్టింది. దగ్గరికెళ్ళి చూస్తే లోపల నేను చదవడానికి దాచుకున్న ఆదివారం అనుబంధం పేజీలు ఉండలుగా కుక్కి ఉన్నాయి. సగం చదివిన కథ ఒకటి నూనెలో అద్దంలా కనిపిస్తోంది.

బాపు గడపలో కూర్చుని చేతులు తుడుచుకుంటున్నాడు. "నానబెట్టి, ఎండబెట్టి రెండుమాట్ల పట్టిచ్చిన. ఇగ చూడు, ఎన్నముద్దలెక్క అయితయ్. అడివంత తిరిగినా కరువయ్."

ఆయన ముఖం చూశాను. నా రాతపరీక్ష ఫలితం వచ్చిన రోజు కూడా అంత తృప్తి లేదు.

"మంచిగైనయ్ బాపు" అన్నాను.

తర్వాతి రోజు ఆయన డ్యూటీకి వెళ్ళాక బూట్లను సర్ఫు నీళ్ళలో వేసి రుద్దాను. జిడ్డు కొంత వదిలింది. కానీ వంచి చూస్తే ఎడమ బూటు ముందు అంచు దగ్గర అట్ట విడినట్టు రబ్బరు విడింది. నీళ్ళకు, నూనెకు, మా ఎండకు లోపలి బంక కరిగిపోయింది. అమ్మ నా వెనక ఎప్పుడొచ్చి నిలబడిందో తెలియదు. తిడుతుందనుకున్నాను. బియ్యం సంచులు కుట్టే దబ్బనం, పురికోస తెచ్చి నా పక్కన కూలబడింది. ఆ జతను అన్నాళ్ళూ ఇంట్లోకి రానివ్వని మనిషి దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పళ్ళతో దారం తెంపుతూ కుట్టింది. రబ్బరు గట్టిగా ఉండి దబ్బనం రెండుసార్లు ఆమె వేలిలో దిగింది.

"మీ బాపుతోని అనకు. మనసుల వెట్టుకుంటడు" అంది.

వేరే జత కొనమంటే బాపు కారణం అడుగుతాడు. మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు.

పరీక్షనాడు బాపు డ్యూటీ నాగా పెట్టి నాతో వచ్చాడు. జిల్లా కేంద్రం బయట, గుట్టల మధ్యకు పోయే కంకర దారి. నంబరు గుడ్డ నారింజ టీషర్టుకు పిన్నులతో తగిలించారు. పైన కప్పుకోవడానికి ఏమీ లేదు. చుట్టూ వందల మంది అమ్మాయిలు అలాగే ఉన్నారు, అయినా మొదట చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఈల మోగాక ఆ సంగతి మర్చిపోయాను.

మొదట్లో నేను ముందువాళ్ళలోనే ఉన్నాను. జిడ్డుకు లోపల పాదం జారుతోంది, జారినా ఆపుకోగలిగాను. తిరుగుదారిలో ఒక దిగుడు దగ్గర ఎడమ కాలు రాయికి తగిలి అమ్మ వేసిన కుట్టు పటపటా తెగింది. అడుగు నోరు తెరిచింది. నాలుగడుగులకోసారి కంకర లోపలికి పోతోంది. కూర్చుని, లేసు ఊడదీసి బూటు చుట్టూ చుట్టి కట్టాను. అది కంకరకు కోసుకుపోయింది. మళ్ళీ కట్టాను. నా వెనక ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే నన్ను దాటారు. చున్నీ ఉంటే గట్టిగా బిగించి కట్టుకునేదాన్ని కదా అనిపించింది. ఈ నడక మొదలుపెట్టేదాకా చున్నీ లేకుండా గడప దాటని దాన్ని, కావలసిన ఆ ఒక్కరోజు అది లేకుండా వచ్చాను.

చివరి మలుపు తిరిగేసరికి తాడు అడ్డంగా పట్టుకున్నారు. కాగితాల అట్ట పట్టుకున్న మేడమ్ నన్ను కాసేపు చూసి, "అయిపోయిందమ్మా టైం. జర ముందొస్తే అయిపోతుండె" అంది. గొంతులో కోపం లేదు. అందుకే ఏడుపొచ్చింది.

బాపు తాడు అవతల ఉన్నాడు. నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చి, నేను తాగేదాకా ఆగి అడిగాడు.

"బూట్లు కరిచినయా బిడ్డా?"

"లేదు బాపు. కరువలె."

కాలు వెనక్కి లాక్కునేలోపే ఆయన వంగాడు. చుట్టిన లేసు, తెరుచుకున్న అడుగు, వేలాడుతున్న పురికోస చూశాడు. వేలితో దాన్ని పట్టుకున్నాడు.

"ఇదెవలు కుట్టిండ్రు?"

"అమ్మ."

బాపు అలాగే మోకాలి మీద ఉండిపోయాడు. "మెత్తగైతయనుకున్న" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బసంత్‌నగర్ దగ్గర సిమెంటు లారీల వెనక బస్సు ఆగినప్పుడు కిటికీ వైపు తిరిగి ముఖం తుడుచుకున్నాడు. దుమ్ముకే అనుకుంటున్నట్టు నేను ఉండిపోయాను.

ఆ ఎండాకాలంలోనే బాయిలో కొత్త బూట్లు ఇచ్చారు. బాపు వాటిని బకెట్‌లో వేయలేదు, ఆముదం సీసా ముట్టలేదు. చెక్కలా ఉన్న ఆ బూట్లతోనే డ్యూటీకి దిగాడు. మడమలు పుండ్లు పడి కుంటుతూ వచ్చేవాడు. అమ్మ అడిగితే, "అయ్యే అలవాటైతయ్ తీ" అనేవాడు.

ఒక ఆదివారం ఆయన నిద్రపోతుండగా నేనే వాటిని నానబెట్టాను. గోడ మీద ఆరాక, పెరట్లో కూర్చుని ఆముదం పట్టించడం మొదలుపెట్టాను. ఆయన ఎప్పుడు లేచాడో, తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"ఏందే గా చేతులు! జల్ది కడుక్కోపో, సంబంధమోళ్ళు బస్సు దిగిండ్రట" అని లోపలినుంచి అమ్మ కేక వేసింది.

ఒక బూటే అయింది. రెండోదాన్ని ఒళ్ళోకి తీసుకున్నాను.