తోడకూడని నీళ్లు

భోగాపురం చుట్టుపక్కల మా పెదనాన్న గంగులు తవ్విన నూతి నీళ్లు తాగని ఇల్లు తక్కువ. ఆయన తవ్వితే గంగ పడి తీరాల్సిందేనని పేరు. మహిమేమీ లేదు, పడేదాకా తవ్వేవాడు. ఊట కనబడగానే మొదటి దోసెడు తవ్వినవాడే నోట్లో పోసుకుని, తీపో ఉప్పో కింది నుంచి కేకెయ్యాలి. గట్టు మీద ఊరంతా చెవులు రిక్కించుకుని నిలబడేది. ఆ ఒక్క క్షణం మునసబు కంటే ఆయనే పెద్ద.

ఆయనతో పాటు దిగేవాడు ఆయన తమ్ముడు రాముడు, అంటే మా నాన్న. జగన్నాధం గారి జీడితోటలో ఊరుమ్మడి నుయ్యి తవ్వుతుండగా గోడ విరిగి నాన్న మీద పడింది. అన్నదమ్ములు అంతవరకూ తవ్వినదంతా ఎర్రమట్టి. అక్కడ మాత్రం అడుగున ఇసక తగిలింది. గోడని ఆపే వరలు దించడానికి ముందు నీళ్లన్నీ తోడించి అడుగు ఆరబెడుతున్నారు. అంతలోనే అయిపోయింది. నాన్నని పైకి తీసేసరికి ప్రాణం లేదు.

ఇక ఊరు కారణం వెతికింది. కారణం దొరక్కపోతే ఊళ్లకి అన్నం సహించదు కదా. ఆ పూట గంజి తెచ్చింది మా అమ్మ చిన్నతల్లి. నూతిలోకి మనిషిని దించే మోకుని ఆడది దాటకూడదని మావాళ్ల కట్టుబాటు. "సిన్నతల్లి మోకు దాటీసింది" అని ఎవరో అన్నారు. సాయంత్రానికి నలుగురు చూశామన్నారు, మర్నాటికి చూడనివాడు లేడు. అప్పట్నుంచి అమ్మ ఏ నూతి గట్టూ ఎక్కడానికి వీల్లేదు. ఊరవతల పారే గెడ్డ ఇసకలో చెలమ తీసుకుని కడవ నింపుకొచ్చేది. పెదనాన్న ఆమెని ఒక్క మాట అనలేదు గానీ ఆమె చేతి నీళ్లు మానేశాడు. ఊరి మీద కంటే నాకు ఆయన మీదే ఒళ్లు మండేది.

ఆయన కూడా మళ్లీ నూతిలో దిగలేదు. పార మూలన పారేసి సాలూరు పోయి, దాలయ్య అనే డ్రైవరు లారీలో క్లీనరుగా చేరాడు. నలభై దాటినవాడికి క్లీనరు పనేమిటని ఊరు నవ్వింది.

పందొమ్మిదివందల అరవై ఎనిమిది ప్రాంతంలో విశాఖ రేవులో దిగిన ఇనప గొట్టాలు వాళ్ల లారీకెక్కాయి. గుజరాతులో నూనె నూతికట.

"నూనె గానుగలో వస్తాది గానీ నూతిలో వస్తాదేటి బావా!" అన్నాడట పెదనాన్న.

"మరి మన బండి తాగే డీజిలు ఎక్కడిదనుకున్నావు? మీ అత్తోరు పంపిస్తన్నారా?" అన్నాడట దాలయ్య.

అక్కడ చూసినదాన్ని ఆయన జీవితాంతం చెప్పుకున్నాడు. చెప్పినప్పుడల్లా గొంతు తగ్గించేవాడు, గుళ్లో మాట్లాడినట్టు. పొలాల మధ్య ఇనప గోపురం. దాని కింద ఇంజను తిప్పుతుంటే గొట్టం గిర్రున తిరుగుతూ భూమిలోకి దిగిపోతోంది. ఒకటి దిగితే దాని నెత్తిన ఇంకొకటి బిగిస్తున్నారు. చివర మూడు పళ్ల చక్రాలున్న ఉలి రాతిని నమిలేస్తోంది. లోపల మనిషి లేడు. తట్ట లేదు, మోకు లేదు. నూతి వెడల్పు చూస్తే మన వంటింటి గుండిగ కూడా పట్టదు. లోతు అడిగితే మైలు దాటిందన్నారు.

"కూర్మనాథుడి ఈపు దాకా తవ్వుతారేటి బాబూ?" అని అడిగాడట.

అడిగింది నారాయణమూర్తి అనే ఆయన్ని. శ్రీకాకుళం మనిషి, అక్కడ బావిలో పోసే మట్టినీళ్ల పని చూసేవాడు. తెలుగు మాట వినబడేసరికి ఆయనకి ప్రాణం లేచొచ్చి, పెదనాన్న చెయ్యి వదలకుండా అంతా తిప్పి చూపించాడు.

ముందు ఒక రాతికడ్డీ చేతిలో పెట్టాడు. అడుగు నుంచి కోసి తీసిందట. మామూలు ఇసకరాయి, కానీ చెమట పట్టినట్టుంది, కిరసనాయిలు కంపు కొడుతోంది. పెదనాన్న అప్పటిదాకా కింద నూనె చెరువు ఉంటుందనుకున్నాడు.

"చెరువు కాదు గంగులూ. ఇసకలో నీరు ఉన్నట్టే రాతి సందుల్లో నూనె ఉంటాది. ఒకప్పుడిక్కడ సముద్రం. కంటికి ఆనని నలుసు ప్రాణులు, నాచు, చచ్చి అడుగున ఒండ్రులో పడ్డాయి. గాలి తగలక పూర్తిగా కుళ్లలేదు. వాటి మీద ఒండ్రు, దాని మీద ఒండ్రు. బరువుకి రాయి అయిపోయింది. లోపలి వేడికి ఆ ప్రాణులే మగ్గి మగ్గి నూనె అయ్యాయి. నీటి కంటే తేలిక కదా, రాతి సందుల్లోంచి పైకి ఎగబాకి, ఎక్కడో గట్టి రాయి అడ్డం తగిలితే దాని కింద ఆగిపోయింది."

"ఎన్నాళ్లు పట్టినాది?"

"కోట్ల ఏళ్లు. మనిషి పుట్టకముందు."

పెదనాన్న ఆ రాయిని కళ్లకద్దుకున్నాడు. నేల అంటే తనకి తెలిసినదే అనుకునే మనిషి. ఆ రోజుతో నేల మీద ఉన్న చనువు పోయి భక్తి వచ్చిందనేవాడు.

పక్కనే పని పూర్తయిన బావి ఒకటుంది. దాని గొట్టం మర తిప్పారు. బుసబుసమంటూ నల్లటి నూనె నురుగుతో గుంటలోకి దూకింది. చూస్తున్నవాళ్లు చూస్తుండగానే పెదనాన్న వంగి దోసిలి పట్టి నోట్లో పోసుకున్నాడు! నుయ్యి పడితే మరి రుచి చూడొద్దా? నారాయణమూర్తి పరుగున వచ్చి ఉమ్మించాడు. దాలయ్య కడుపు పట్టుకుని నవ్వాడు. పెదనాన్న మాత్రం నల్లటి పెదాలతో అలాగే నిలబడి, "ఎచ్చగా ఉన్నాది బాబూ! భూదేవి ఒంటి ఏడి!" అన్నాడు. కళ్లలో నీళ్లు.

నోరు కడుక్కున్నాక అసలు ప్రశ్న అడిగాడు. "మైలు లోతు తవ్వినారు. వరలు నేవు. గోడ పడిపోదేటి?"

"కొంత లోతు తవ్వాక ఇనప గొట్టం దించి సిమెంటు పోస్తాం. అందాకా గోడని ఆపేది నా మట్టినీళ్లే" అన్నాడు నారాయణమూర్తి. ఆ నీళ్లని గొట్టంలోంచి కిందికి తోస్తారట, రాతి పొడిని మోసుకుని బయటి సందులోంచి పైకి వస్తాయట. "బావి ఎప్పుడూ నిండుగా ఉండాలి. లోపలి నీళ్ల బరువు గోడని ఎనక్కి నెట్టి పట్టుకుంటాది. తగ్గించేమా, కూలిపోతాది."

"మామూలు ఇసక నూతిలోనైనా?"

"ఇసకైతే మరీను. తోడే కొద్దీ చుట్టూ ఉన్న నీరు ఇసకని తోసుకుని లోపలికొచ్చేస్తాది."

పెదనాన్న అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. ఏమైందో నారాయణమూర్తికి తెలియదు. దాలయ్యకి తెలుసు, అందుకే నవ్వడం మానేశాడు.

తిరిగొచ్చిన రోజు పొద్దున్నే పెదనాన్న జగన్నాధం గారినీ ఊళ్లో పెద్దలనీ గెడ్డకి పిలిచాడు. ఇంటికి రానే లేదు, సరాసరి అక్కడికే. అమ్మా నేనూ కడవతో వెళ్లేసరికి జనం మూగి ఉన్నారు. ఇసకలో మోకాలి లోతు చెలమ తీసి ఉంచాడు. నీళ్లు ఊరి నిండుగా ఉన్నాయి, గోడలు నిలబడే ఉన్నాయి.

"సూడండి" అని తప్పేలాతో గబగబా తోడాడు. అడుగు నుంచి ఇసక ఉబికింది. గోడలు కింద కరిగి, పైది విరిగి చెలమలో పడింది. ఇంకొకటి తీశాడు. అదీ అంతే.

జగన్నాధం గారు, "లారీ ఎక్కినోళ్లు సానా కబుర్లు సెప్తార్రా గంగులూ. మోకు సంగతి..." అనబోయారు.

"మోకు కాదు బాబూ!" పెదనాన్న అరిచాడు. ఆయన పెద్దవాళ్ల మీద గొంతెత్తడం అదే మొదలు. "నీళ్లు గోడని పట్టుకునున్నాయి. తోడించింది నాను. 'సాలన్నియ్యా' అన్నాడు రాముడు. ఇంకా తోడమన్నది నాను." అమ్మ వైపు తిరిగి, "సిన్నతల్లీ, నువ్వు దాటినందుకు గోడ పడనేదమ్మా" అన్నాడు.

అమ్మ చంకలో కడవ కిందికి దించింది.

"నాను దాటనేదు బావా" అంది నెమ్మదిగా. "సుట్టు తిరిగొచ్చి గంజి పెట్టినాను. మీరందరూ దాటినావంటే, దాటీసుంటాననుకున్నాను."

అమ్మ కడవ అక్కడే వదిలేసి జీడితోట దారి పట్టింది. నాన్నని పైకి తీసిన రోజు ఆమెని ఆ తోట కంచె కూడా దాటనివ్వలేదు. ఈసారి జగన్నాధం గారే పక్కకి తప్పుకున్నారు. పూడిపోయిన గుంట పక్కన కూర్చుని, ఏనాడూ మొగుడి పేరు పలకని మా అమ్మ, "రాముడూ!" అని పిలిచి, అప్పుడు ఏడ్చింది.