సమాధుల తోట నుంచి ల్యాబుకు

నా కుడి రొమ్ముకు నాకంటే ముందే అంత్యక్రియలు జరిగాయి. నాకు కబురు కూడా లేదు. జరిపించింది మా అన్న. ఇల్లందు గనిలో సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యాడు, ఇప్పుడు మా చర్చిలో సంఘపెద్ద. తనకు తెలియని సంగతి ఇంకా పుట్టలేదని ఆయన నమ్మకం.

ఆపరేషన్ ఖమ్మంలో ఒక ప్రైవేటు దవాఖానాలో అయింది. తీసిన రొమ్మును, కుళ్లకుండా ఫార్మాలిన్ మందు పోసిన డబ్బాలో పెట్టి, రెండు వీధుల అవతలున్న ల్యాబులో ఇచ్చి రమ్మని అన్న చేతికిచ్చారు. ఇక్కడ ఆ మోత బంధువులదే. అన్న ఆ రెండు వీధులు నడవలేదు. డబ్బా సంచిలో వేసుకుని ఇల్లందు బస్సెక్కాడు. విశ్వాసురాలి దేహాన్ని ముక్కలు కోసి చెత్తలో పారేస్తే, పునరుత్థానం రోజున దేవుడు ఎక్కడని వెతుకుతాడని ఆయన బెంగ. పెద్దలంతా అవునన్నారు. సమాధుల తోటలో అమ్మ పక్కన గొయ్యి తీసి, ప్రార్థన చేసి పూడ్చారు. మన్నుతో మనిషిని చేసిన దేవుడికి ఒక ముక్క తక్కువైతే చేతకాదట. వీళ్లు మళ్లీ నాకు విశ్వాసం గురించి చెబుతారు.

పదకొండో రోజు డాక్టరమ్మ రిపోర్టు అడిగింది. అన్న ఏ బెరుకూ లేకుండా చెప్పాడు. ఆమె నా వైపు తిరిగి విడమర్చింది. ముందు చేసిన సూది పరీక్షలో క్యాన్సరని మాత్రమే తేలింది. గడ్డలో మూడు ప్రొటీన్లు చూడాలి. మొదటి రెండూ ఉంటే హార్మోన్ మాత్రలు పనిచేస్తాయి. మూడోది ఉంటే గడ్డ మొండిది, దానికి వేరే ఇంజెక్షన్లున్నాయి. ఏ మందు వేయాలో, జబ్బు తిరగబెట్టే భయం ఎంతో ఆ ముక్కే చెప్పాలి. మరో ముక్క లేదు.

నేను అడిగాను, "అన్నా, డబ్బాతోటే పెట్టినవా, బయటికి తీసినవా?"

"ఎవరు ముట్టుకుంటరు చెల్లె? మూత గూడ తియ్యలే. ఆ వాసనకే కండ్లు మండినయ్."

ఆయన భక్తి నన్ను ముంచింది, అసహ్యం ఆదుకుంది.

తవ్వాలంటే సంఘాన్ని అడగాలని నసిగాడు. నేను మంచం దిగి చెప్పుల కోసం చూశాను. "నువ్వు తవ్వుతవా, నన్ను తవ్వమంటవా?" అన్నాను. పక్కన గాయంలో నీరు లాగే డ్రెయిన్ గొట్టం వేలాడుతూనే ఉంది. ఆయనే వెళ్లి తవ్వి, సాయంత్రానికి డబ్బా ల్యాబులో ఇచ్చాడు.

ముక్క అన్ని రోజులు మందులో నానకూడదన్నాడు ల్యాబు డాక్టరు. పరీక్షలో ముక్కకు రంగు పడితే ప్రొటీన్ ఉందని నమ్మొచ్చు, పడకపోతే ప్రొటీన్ లేనట్టో, నాని మాసిపోయినట్టో చెప్పలేమన్నాడు. మొదటి రెండింటికీ రంగు పడింది. మూడోదానికి పడలేదు.

ఆ ఆదివారం అన్న చర్చిలో సాక్ష్యం చెప్పాడు. భూమిలో పెట్టింది మంచి కబురుతో లేచి వచ్చిందట. అందరూ స్తోత్రమన్నారు. ఆడవాళ్ల వైపు కూర్చున్న నేను తప్ప.

రోజూ మాత్ర వేసుకుంటున్నాను. భయం మాత్రం పోలేదు. ఆ మూడో ప్రొటీన్ మొదటి నుంచీ లేదో, అమ్మ పక్కన ఉన్న పదకొండు రోజుల్లో మాసిపోయిందో డాక్టరమ్మకు తెలియదు, ల్యాబుకు తెలియదు. మా అన్నకు మాత్రం తెలుసు. లేదట.