ఎత్తని ఫోను

ఆఫీసులో ఆమెను అందరూ డబ్బా అక్కయ్య అంటారు. నది నీటిమట్టం కొలుస్తూ, ఎర్రగీత దాటగానే తనంతట తానే ఫోను చేసే డేటా లాగర్ డబ్బాలకు ప్రోగ్రామ్ రాయడం ఆమె పని. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, కళ్లజోడు నెత్తిమీదికి తోసి, ప్రతి వరుసనూ చంటిపిల్లకు బుద్ధులు చెప్పినట్టు పైకి చదువుతూ రాస్తుంది. ఆ రోజు వంతెన కింద పని ముగించి, నీళ్లలో తేలే ఫ్లోటును చేత్తో ఎర్రగీత దాటేలా ఎత్తింది. ఆమె ఫోను మోగింది. తీయలేదు.

"మోగింది కదక్కా, ఇంక పదండి. ఆకలికి ప్రాణం పోతోంది," అన్నాడు జీపు డ్రైవరు.

"నేను తీయకపోతే ఏం చేస్తుందో చూడాలి తమ్ముడూ. నిజంగా వరదొచ్చిన రోజు నేను జ్వరమొచ్చి పడుంటేనో?"

ఫోను మూడుసార్లు మోగి ఊరుకుంది. డబ్బా కూడా ఊరుకుంది. ఆమె నాలుక కరుచుకుంది. ఫోను మోగితే చాలు, కబురు అందినట్టేనని రాసింది తనే మరి.

"నీ నంబరు చెప్పు," అంటూ మళ్లీ మూత తెరిచింది. "ఒకరు తీయకపోతే ఇంకొకరికి చెయ్యి, ఎవరో ఒకరు తీసేదాకా చెయ్యి," అని పైకి చదువుతూ రాసి, ఫ్లోటు ఎత్తింది. ఆమె ఫోను మోగి మోగి ఆగింది. వెంటనే డ్రైవరు జేబులో ఫోను మోగింది. అతను తీసి చెవికి ఆనించుకున్నాడు.

"నీళ్లు ఎర్రగీత దాటాయి," అంది డబ్బా.

మోకాలి లోతున నిదానంగా పారుతున్న నదిని కళ్లారా చూస్తూనే, అతను రెండడుగులు వెనక్కి వేశాడు.