గాలం కర్ర కొస

కాజీపేట వెయిటింగ్ రూంలో పక్కనున్న పెద్దాయన నా కొత్త గాలం కర్రను చూసి, "కొర్రమట్ట చేపకా, రవ్వ చేపకా?" అన్నాడు.

"అన్నిటికీ పనికొస్తదట. ధర కూడా మధ్యరకమే."

"అమ్మెటోడు గట్లనే అంటడు. వంచి చూసినవా? ఒక్కనితోని కాదు బిడ్డా, జర కొస పట్టుకో."

నేను కొస పట్టుకుంటే ఆయన పిడి ఎత్తాడు. కర్ర కొసన మెత్తగా వంగి, నడుమ గట్టిగా నిలిచింది.

"మంచిదే. చిన్న చేపకు వంగుతది, పెద్దదానికి ఆగుతది."

ఇలాంటిదే కొనాలని, దుకాణానికి తోడు రమ్మని తమ్ముడు ఎన్నిసార్లో అడిగాడు. "కర్ర కొననీకి ఇద్దరెందుకురా?" అని విసుక్కున్నాను. వాడు చనిపోయాక నేనొక్కడినే వెళ్లి కొన్నాను.

ఆయన రైలు వచ్చింది. పిడిని నా ఒళ్లో పెట్టి, "ఇగ కొస ఇడువు బిడ్డా," అన్నాడు.