కత్తిరించు అనే మాట

మొన్న ఉప్పల్ మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర ఎవరి ఫోనులోంచో ఆ గొంతు వినిపించింది. మనిషి గొంతు కాదు, తెర మీది అక్షరాలను చూపులేనివాళ్ళకు చదివి వినిపించే యంత్రం గొంతు. అలవాటు లేనివాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాదు, డబ్బాలో బియ్యం పోస్తున్నట్టు గలగలా పోతూనే ఉంటుంది. అంత వేగం పెట్టుకుని వినే మనిషిని నేను దగ్గరగా ఎరిగింది ఒక్కరినే, భూమయ్య సార్‌ని. ఆయన పోయి రెండేళ్ళవుతోంది. ఆఫీసుకు ఆలస్యమవుతుందని తెలిసీ, ఆ ఫోను మనిషి మెట్లెక్కి కనుమరుగయ్యేదాకా నిలబడి విన్నాను.

సార్‌కు పుట్టుకతోనే చూపు లేదు. నాచారంలో ఒక ఫ్యాక్టరీలో టెలిఫోన్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాక, అక్కడే ఒక మేడమీది గదిలో చూపులేని పిల్లల కోసం తెలుగు మీడియం పాఠాలు రికార్డు చేయించేవారు. చదివేది ఆయన భార్య విజయమ్మ. జనగామ నుంచి వచ్చిన నేను అక్కడ టైపింగు పనికి చేరాను. రికార్డింగులు బాగుచేయడానికి సార్ వాడే ప్రోగ్రాం ఉచితంగా దొరికేదే. అందులో బొమ్మలుండవు, మౌసుతో పనుండదు. నల్లటి తెర మీద ఒక్క వరుస ఆదేశం టైపు చేస్తే చాలు, రొద తగ్గిస్తుంది, సన్నగా ఉన్న గొంతు పెంచుతుంది. చూపులేనివాళ్ళకు అంతకన్నా ఏం కావాలి? కానీ దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీలన్నీ ఇంగ్లీషులో ఉండేవి, అవీ అన్నీ తెలిసినవాడు తనలాంటివాడి కోసం రాసుకున్నట్టుండేవి. వాటిని తెలుగులో, మనుషులకు అర్థమయ్యేలా రాయమన్నారు సార్. ఎంతసేపు, నాలుగు రోజుల పని అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మొదటి పేజీ చదివి వినిపించాను. "ముందుగా ఫైలు ఉన్న చోటుకు వెళ్ళండి." సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"పోదాం పా. ఏడున్నది ఆ చోటు? ఆటోల పోదామా, బస్సులనా?"

"అంటే సార్, ఫోల్డరు..."

"ఫోల్డరని రాసినవా?"

"అర్థమైతది గద సార్."

"నువ్వు రాసిందే జేస్త సునీతా. నీ మనసుల ఉన్నది నాకు కనబడది. నాకేంది, ఎవ్వరికి కనబడది."

ఇక అదే మా పద్ధతి అయిపోయింది. నేను పేజీ చదవాలి, ఆయన అందులో ఉన్నది ఉన్నట్టు టైపు చేయాలి. ఎక్కడ తప్పుదారి పట్టినా నేను నోరు మెదపకూడదు. ఒకసారి ఆగలేక దగ్గితే, "దగ్గు గూడ రాసినవా పేజీల?" అని అడిగారు. ఒళ్ళు మండిపోయేది నాకు. విజయమ్మ దగ్గర గోడు వెళ్ళబోసుకుంటే ఆమె నవ్వేవారు. "నాతోని నలబై ఏండ్ల సంది గట్లనేనమ్మా. కూరల జరంత ఉప్పెయ్యి అంటె, జరంత అంటె ఎన్ని చెంచాలని అడుగుతడు."

ఆ ఏడు విజయమ్మ గొంతులో గడ్డ ఉందని తేలింది. ఆపరేషన్ చేశాక మాట వస్తుందో రాదో చెప్పలేమన్నారు డాక్టర్లు. అప్పటికి పదో తరగతి సాంఘికశాస్త్రం చేతిలో ఉంది, మొత్తం పదకొండు పాఠాలు. "దవాఖానాకు పోకముందే ఒడగొడుత" అని ఆమె రోజూ నాచారం వచ్చి చదివారు, నొప్పితోనే. పదకొండూ పూర్తి చేశారు. మొదటి ఐదు నేను బాగుచేశాను. మిగతా ఆరూ నారపల్లిలో ఉండే రజితకు ఇచ్చాం. ఆమె కూడా చూపులేని టీచరమ్మ. మా కంప్యూటర్లో చోటు లేక, ఉన్న ఒక్క కాపీ ఆమెకే ఇచ్చేశాం. పాఠాల మధ్యలో పక్కింటి కుక్కర్ విజిలో, కూరగాయల బండి మైకో పడ్డ చోట్లు, చదువు తడబడ్డ చోట్లు తీసేయాలి, అంతే. అందుకు కావాల్సిన ఆదేశం వాడడం తనకు తెలియదంది రజిత. దాని పేజీ నేను అప్పుడే రాసి పెట్టాను. సార్ దవాఖానాలో విజయమ్మ దగ్గర ఉన్నారు. పరీక్షలు దగ్గరపడుతున్నాయి. ఆయన పరీక్షించకుండానే పంపేశాను. నిజం చెప్పాలంటే, ఈ ఒక్క పేజీకైనా ఆయన చేతిలో తిప్పలు తప్పాయని సంతోషించాను కూడా.

వారానికి రజిత ఫోను చేసింది. "అక్కా, విజిలొక్కటే ఉన్నది. పాఠం పోయింది. ఆరిట్ల గట్లనే ఉన్నది."

తీసేయమన్న చప్పుళ్ళు మిగిలాయి, పాఠాలు పోయాయి. పాత ఫైళ్ళు కూడా లేవు.

ఉప్పల్‌లో సార్ ఇంటికి ఎలా వెళ్ళానో నాకు గుర్తులేదు. ఆపరేషన్ అయి విజయమ్మ ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. ఆమె నోట గాలి తప్ప మాట రావడం లేదు. గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. సార్ తిట్టలేదు. "ఏం రాసినవో సదువు" అన్నారు.

చదివాను. "ఈ ఆదేశం మీరు చెప్పిన భాగాన్ని కత్తిరిస్తుంది. పని అయ్యాక పాత ఫైలు తీసేయండి, చోటు మిగులుతుంది."

"బట్ట గత్తిరిస్తె ముక్క ఉంచుకుంటం. గోర్లు గత్తిరిస్తె పారేస్తం. గిది బట్టనా, గోరా?"

"బట్ట సార్. చెప్పిన ముక్కనే ఉంచుతది."

"రజితకెట్ల తెలవాలె? తీసేసే ముందుగాల ఒకసారి ఇనుమని రాసినవా?"

"రాయలే సార్."

"మరి ఆ పిల్లను ఏమనకు." కుర్చీ దగ్గరకు జరుపుకుని, "ఏం మిగిలినయో పెట్టు, ఇందాం" అన్నారు.

రజిత పంపిన ఆరూ ఫోనులో ఒక్కొక్కటే పెట్టాను. విజిలు. బండి మైకు. ఎవరో తలుపు కొట్టిన చప్పుడు. మళ్ళీ విజిలు. కుక్క అరుపు. ఆరోదానిలో చప్పుడు లేదు, విజయమ్మ ఉన్నారు. చదువుతూ ఎక్కడో తడబడి, రికార్డింగు దగ్గర కూర్చున్న సార్‌తో అన్న మాట అది. "ఆగయ్యా, తప్పు బోయింది. మల్లొక్కసారి సదువుత."

ఆ గొంతు ఎంత నిండుగా ఉందో! విజయమ్మ మంచం మీది నుంచి నావైపు చూసి, ఇంకోసారి పెట్టమని వేలు చూపించారు. పెట్టాను. సార్ రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని తలవంచుకున్నారు. నాకు ఏడుపు ఆగలేదు, వాళ్ళ ముందే వెక్కివెక్కి ఏడ్చాను.

"ఏడ్సుడు తర్వాత" అన్నారు సార్ చివరికి. "పిల్లలకు పరీక్షలున్నయి. నువ్వు సదువు." విజయమ్మ దిండు పక్కనున్న పుస్తకం తీసి నా చేతిలో పెట్టారు. ఆరు పాఠాలూ నేనే చదివాను. ఆమె ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పుస్తకంలో పెన్సిలుతో గీసి పెట్టుకున్నారు. ఆ గీతలు పట్టుకునే చదివాను. పరీక్షల వేళకు పిల్లలకు అందించగలిగాం.

పేజీ కూడా మార్చాం. నేను పెద్ద క్షమాపణ రాసుకొస్తే సార్ ఒప్పుకోలేదు. "నీ బాధ వాళ్ళకెందుకు? ఏది ఉంటది, ఏది పోతది, గది రాయి." అలాగే రాశాను. ఇప్పుడు నేను యంత్రాల వాడకం పుస్తకాలు రాసే ఉద్యోగంలో ఉన్నాను. ఏ పేజీ అయినా సంబంధం లేని మనిషి చేతిలో పెట్టి, వాళ్ళు దాన్నిబట్టి పని చేస్తుంటే పక్కన నోరు మూసుకుని కూర్చుంటాను. ఆఫీసులో దీన్ని నా చాదస్తం అంటారు. అననీ.

ఆ పాఠాలు ఇప్పటికీ పిల్లలు వింటున్నారు. ఈ ఏడు కీసర నుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది. "అక్కా, అయిదో పాఠం దాంక ఒక మేడం సదివిన్రు, ఆరు నుంచి మీరు. ఆ మేడం నడుమల ఎందుకు ఆపేసిన్రు?"

"ఆమె ఆపలేదమ్మా. పదకొండు సదివిన్రు. నేనొక మాట తప్పు రాసిన, ఆరు పోయినయి."

"ఆమె మస్తు మంచిగ సదివిన్రక్కా" అంది ఆ పిల్ల.

"అవునమ్మా" అన్నాను. "మస్తు మంచిగ సదివిన్రు."