మేజోటి మడమ కింద ముడి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ముడి వేయడం గొప్ప విద్య. మా అవ్వ చిత్తూరు బజారులో పూలు కట్టి అమ్మేది. అరటినారతో ఆమె వేసిన ముడి విప్పాలంటే పువ్వునే తెంపాలి. నాకు అక్షరాలకంటే ముందు ఆ ముడే వచ్చింది. దండలో ముడి జారిందంటే ఆ రోజంతా అవ్వ ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఇంట్లో అందరికీ కాస్త విశ్రాంతిగా ఉండేది.

అవి యుద్ధం రోజులు. మా చిన్నాయన పట్టాళంలో లారీ డ్రైవరుగా చేరి ఎక్కడో చలిప్రాంతంలో ఉన్నాడు. పక్కింటి అక్క క్రైస్తవ మిషను బడిలో టీచరు. సిపాయిల కోసం ఆడవాళ్ళు అల్లిన మేజోళ్ళు పోగుచేసి, మూటకట్టి పంపే పని ఆమె చూసేది. చిత్తూరు ఎండలో ఉన్ని ఒళ్ళో పెట్టుకుని, చెమటలు కక్కుతూ, ఎవరి చలి గురించో బాధపడేవాళ్ళం. ఒక జత మా చిన్నాయన పేరునే పంపుదామనీ, అందులో ఒకటి నేను అల్లాలనీ అక్క అంది. "నువ్వల్లిందే మీ చిన్నాయన కాలికి పోతాది పాపా" అని మాటిచ్చింది.

ఉన్ని కొత్తది కాదు. పాత స్వెట్టర్లు విప్పిన దారం, ఊరికే తెగేది. తెగినప్పుడల్లా నేను అవ్వ ముడి వేసి, బిగించి లాగి, ముందుకు సాగాను. ఒక్కొక్క ముడీ మిరియపు గింజంత. అంత గట్టి మేజోడు పట్టాళం మొత్తంలో ఉండదని నా నమ్మకం. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, శానా బాగుండాదని చెప్పి నా కళ్ళముందే మూటలో పెట్టింది.

మరునాడు కరివేపాకు కోసం వాళ్ళ పెరట్లోకి వెళ్ళాను. అక్క మెట్టుమీద కూర్చుని నా మేజోడు విప్పుతోంది. వేళ్ళ భాగం అప్పటికే ఉండ అయిపోయింది. పక్కనే జత పూర్తిగా ఉంది, రెండూ ఆమె అల్లినవే. నన్ను చూడగానే దారపు ఉండను కొంగు కింద దాచింది. విప్పినందుకంటే అలా దాచినందుకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. మిగిలిన ముక్క లాక్కుని ఇంటికొచ్చి, ఈ జన్మలో అన్నం ముట్టకూడదని తీర్మానించాను. అమ్మ పులుసన్నం కలిపింది. ఆ తీర్మానం గురించి ఇక చెప్పేదేమీ లేదు.

సాయంత్రం అక్క వాళ్ళాయన బూట్లు తెచ్చి నా ముందు పెట్టింది. ఆ మేజోడు తొడుక్కుని వీధి చివరిదాకా నడిచి రమ్మంది. వేళ్ళు బయటికి తొంగిచూసే మేజోడు, పడవల్లాంటి బూట్లు. వీధిలో నన్ను చూసి నవ్వని కుక్క లేదు. వెళ్ళేటప్పుడు రోషంతో నడిచాను, వచ్చేటప్పుడు కుంటుతూ వచ్చాను. ముడులు పడినచోట మడమ కింద బొబ్బ లేచింది.

"నీకు ఒక్క వీధే. పట్టాళంలో ఆయప్పకు పొద్దస్తమానం బూట్లలోనే గదా కాలు" అంది అక్క, కొబ్బరినూనె రాస్తూ.

"ఈ మాట నిన్న ఎందుకు చెప్పలేదు?"

"ఏడుస్తావని."

"మరి ఇప్పుడు నవ్వతా ఉండానా?"

అక్క నూనెచెయ్యి కొంగుకు తుడుచుకుంది. సూదులు నా చేతికిచ్చి నేర్పింది. ఉన్నికి పూలముడి పనికిరాదు. దారంలో ముడి కనబడితే దాటిపోకుండా ఆగాలి. కొసలు లాగితే ఇంకా బిగుస్తుంది, నడుమ సూదిమొన పెట్టి వదులు చేయాలి. రెండు కొసలూ జానెడేసి వదిలి, ఆ పోగులు కలిపి కొంతదూరం అల్లాలి, అదీ అడుగున కాకుండా చీలమండ పైన. ఉన్నిని ఉన్నే పట్టుకుంటుంది. అంతా నేర్చుకున్నాను, ఆమె ముఖం వంక చూడకుండా.

మూట మరునాడే పోయింది, అక్క అల్లిన జతతోనే. నాది పూర్తయ్యేసరికి యుద్ధం అయిపోయి చిన్నాయనే వచ్చేశాడు. నిండు వేసవిలో, పంచె కట్టుకుని, ఒక్క కాలికి ఉన్ని మేజోడు తొడుక్కుని అరుగుమీద కూర్చున్నాడు. చెమట ధారగా కారుతోంది. అక్క గడపలో నిలబడి చూస్తోంది.

"బాగుండాది పాపా" అన్నాడు.

నేను నమ్మలేదు. బూటు వేసుకుని వీధి చివరిదాకా నడిచి రమ్మన్నాను. పాపం, నడిచాడు. తిరిగొచ్చాక మడమ తడిమి చూసి, ఎక్కడా కందలేదని తేలాకే నవ్వాను.

అక్క మీద కోపం ఎప్పుడో పోయింది. ఆమె మెచ్చుకోలు మీద నమ్మకం మాత్రం మళ్ళీ కుదరలేదు. ఇప్పుడు మనవరాళ్ళు అల్లిక తెచ్చి చూపిస్తే ముడి ఎక్కడుందో ముందే వేలుపెట్టి చూపిస్తాను. ముసల్దానికి నోట్లో మంచిమాట లేదని ఏడుస్తారు. ఏడుపు అయ్యేదాకా ఆగి, పక్కన కూర్చోబెట్టుకుని, ఇద్దరం కలిసి విప్పుతాం.