నేనే పెట్టిన వీడియో

తిరుమలలో గుండు చేయిస్తుంటే ఏడేళ్ల మా పాప, "నా జుట్టు నాకియ్యప్పా!" అని గుండు చేసే ఆయన మీద ఏడుస్తూ అరిచింది. నవ్వొచ్చి ఫోన్లో తీసి, నేనే నెట్‌లో పెట్టాను. వారం తిరక్కుండానే ఒక టీవీ చానెల్ దానికి నవ్వుల శబ్దాలు కలిపి వేసింది.

ఆదివారం చంద్రగిరి కోటకు పోతే జనం పాపను గుర్తుపట్టి చుట్టూ మూగారు. "ఇంగోసారి ఏడ్సి సూపించు పాపా!" అంటూ ఫోన్లు ఎత్తారు. పాప నా చొక్కాలో ముఖం దాచుకుని, "పోదాం నాయనా," అంది. దారి ఇవ్వమని అరిచాను. అదీ వీడియో తీసుకున్నారు.

ఇంటికొచ్చి వీడియో తీసేసి, చానెల్‌కు ఫోన్ చేశాను. "మీరే కదా సార్ పెట్టినారు? ఇప్పుడది అందరి దగ్గరా ఉండాది," అన్నాడు అక్కడి ఉద్యోగి.

నేను ఫోన్ తీస్తే పాప ఇప్పటికీ లేచి పక్క గదిలోకి పోతుంది.